పగిలిన సాకెట్టు పలక

'విద్యుత్తు' అనే సంస్కృత పదానికి మెరుపు అని అర్థం. మేఘాల నడుమ వంకరలు తిరుగుతూ సాగే ఆ కాంతిని ప్రాచీన కవులు 'విద్యుల్లత' అన్నారు. లత అంటే తీగ. నేడు ఆ తీగ రాగితీగ రూపంలో ప్రతి ఇంటిలోనూ ప్రవేశించి, గోడలోపలి గొట్టాల గుండా పాకి, మూడు రంధ్రాలున్న ఒక చిన్న పలక వెనుక నిలిచి ఉంటుంది. జనవ్యవహారంలో దానికి 'కరెంటు' అని పేరు. 'కరెంటు కొట్టింది' అంటారు గాని 'కరెంటు కనిపించింది' అని ఎవరూ అనరు. కొట్టేదాకా దాని ఉనికి కంటికి తెలియదు. అట్లా కనిపించని దానికీ, ఇంటిలోని మనుషులకూ మధ్య అడ్డుగా ఉండేది ఆ పలక ఒక్కటే.

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలోని పాత ఇళ్లలో ఒక మూల విరిగిన స్విచ్‌బోర్డు కనిపించడం అరుదైన సంగతి కాదు. విరిగినచోట టేపు అంటిస్తారు. కొందరు దానిమీద క్యాలెండరు తగిలిస్తారు. ఇంటికి వెల్లవేయించడానికి వేలు ఖర్చు చేసేవారు సైతం అతి తక్కువ ఖర్చుతో మార్చుకోదగిన ఈ పలకను సంవత్సరాల తరబడి అట్లాగే వదిలివేస్తారు. ఇది పిసినారితనం కాదు. అది కేవలం అందానికి సంబంధించిన లోపమనే అపోహ.

సాకెట్టు నిర్మాణం తెలిస్తే ఈ అపోహ తొలగిపోతుంది. సాకెట్టుకు ఎదురుగా నిలిచి చూసినప్పుడు కుడివైపు రంధ్రంలో ఫేజ్, ఎడమవైపు రంధ్రంలో న్యూట్రల్, పైనున్న పెద్ద రంధ్రంలో ఎర్త్ ఉండాలి. ప్రమాదమంతా ప్రధానంగా ఫేజ్‌లో ఉంటుంది. ఎర్త్ తీగ ఇంటి ఆవరణలో నేలలో పాతిన కడ్డీకో పలకకో కలిసి ఉంటుంది. ఏదైనా పరికరపు లోహభాగానికి పొరపాటున కరెంటు తగిలితే, అది మనిషి దేహం గుండా కాక ఈ మార్గాన నేలలోకి పోవడానికి ఆ ఏర్పాటు. ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తక్కిన రెండింటికంటె లావుగానూ పొడవుగానూ ఉండడంలో అర్థముంది. ప్లగ్గు పెట్టేటప్పుడు అది అన్నిటికంటె ముందు కలుస్తుంది. తీసేటప్పుడు అన్నిటికంటె చివర విడిపోతుంది. ఈ గుండ్రని పిన్నుల పద్ధతి బ్రిటన్ నుండి వచ్చింది. అక్కడ 1934లో దీనికి ప్రమాణం ఏర్పడింది. 1947లో ఆ దేశం దీర్ఘచతురస్రాకారపు పిన్నులతో కొత్త ప్రమాణం తెచ్చుకొని క్రమంగా పాతదానిని విడిచింది. భారతదేశం మాత్రం గుండ్రని పిన్నులనే నిలుపుకొన్నది. నాటి 5, 15 ఆంపియర్ల సాకెట్లే నేడు 6, 16 ఆంపియర్ల పేరుతో చెలామణి అవుతున్నాయి.

ఇంటికి వచ్చే సరఫరా 230 వోల్టులు. పొడి చర్మం విద్యుత్తును గట్టిగానే నిరోధిస్తుంది. ఆ నిరోధం కొన్ని వేల ఓముల నుండి లక్ష ఓముల దాకా ఉండవచ్చు. చర్మం తడిస్తే అది వెయ్యి ఓములకు పడిపోగలదు. ఓమ్ నియమం ప్రకారం 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియరు, అనగా 230 మిల్లీ ఆంపియర్లు. ఇది 60 వాట్ల బల్బు తీసుకొనే విద్యుత్తు కంటె కొంచెం తక్కువ. అయితే దేహం గుండా సుమారు 10 మిల్లీ ఆంపియర్లు ప్రవహించినప్పుడే కండరాలు బిగుసుకొని, పట్టుకున్నదానిని చేయి వదలలేని స్థితి కలుగుతుంది. 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. వంటింటిలో తడి చేతితో, వట్టి కాళ్లతో, పగిలిన పలకమీద చేయి వేసిన మనిషి ఈ లెక్కలో ఎక్కడ ఉన్నాడో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ మరొక భ్రమను గురించి చెప్పాలి. 'ఫ్యూజు ఉన్నది కదా, కొట్టుకొని పోతుంది' అని చాలామంది ధైర్యం చెప్పుకుంటారు. ఫ్యూజు గాని, దాని స్థానంలో నేడు వాడే ఎం.సి.బి. గాని తీగలు అతిగా వేడెక్కకుండా కాపాడడానికి ఏర్పడినవి. 6 లేదా 16 ఆంపియర్లు దాటితేనే వాటికి పని. మనిషి ప్రాణం తీయడానికి అందులో ఇరవయ్యో వంతు కూడా అక్కరలేదు కనుక అవి కదలవు. మనిషిని కాపాడడానికి ఏర్పడిన పరికరం ఆర్.సి.సి.బి. వెళ్లిన విద్యుత్తుకూ తిరిగి వచ్చిన విద్యుత్తుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే అది సరఫరాను ఆపివేస్తుంది. పాత ఇళ్లలో చాలావాటిలో అది లేదు. అటువంటి ఇంట పలక విలువ మరింత పెరుగుతుంది.

తొలినాళ్లలో ఈ పలకలూ, స్విచ్చి మూతలూ కర్రతోను, పింగాణితోను చేసేవారు. 1907లో బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రసాయన శాస్త్రవేత్త లియో బేక్‌లాండ్ ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌ల కలయికతో ఒక గట్టి పదార్థాన్ని తయారుచేశాడు. ఆయన పేరుమీదనే అది బేకలైట్ అయింది. వేడికి కరగదు, విద్యుత్తును పోనివ్వదు. అందుచేత ప్రపంచమంతటా విద్యుత్ పరికరాలలో స్థానం సంపాదించింది. కాగితపు పొరలను అటువంటి బంకతో అదిమి చేసిన పలకలనే ఎలక్ట్రీషియన్లు 'హైలం షీటు' అంటారు. హైదరాబాదులో ఆ పలకలు చేసిన కర్మాగారం పేరు నుండి పుట్టిన మాట అది. వస్తువు పేరు పోయి ఊరి పేరు నిలవడం భాషలో కొత్త కాదు గాని, ఊరి పేరులోని ఒక ముక్క ఇట్లా గోడకెక్కడం కొంత వింతే. బేకలైట్‌కు ఒక లోపం ఉన్నది. అది వంగదు, పగులుతుంది. నేటి మాడ్యులర్ ప్లేట్లకు వాడే పాలికార్బొనేట్ కొంత వంగి దెబ్బను తట్టుకుంటుంది.

పలక పగలడానికి ప్లగ్గును తీగ పట్టుకొని లాగడం, కుర్చీ తగలడం వంటి కారణాలు ఎక్కడైనా ఉంటాయి. కృష్ణా డెల్టాకు ప్రత్యేకమైనది గాలిలోని ఉప్పు. వర్షాకాలంలో ఉప్పుజాడీలోని ఉప్పు చెమ్మగిల్లడం అందరికీ అనుభవమే. సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడుతోపాటు మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. గాలిలోని తేమను లాగుకొనే గుణం దీనికి ఎక్కువ. మంగినపూడి తీరం నుండి వీచే గాలి ఈ ఉప్పును కంటికి కనిపించని పొరగా బందరు గోడలమీద, బోర్డులమీద పరుస్తుంది. పొర తడిసినప్పుడు అది విద్యుత్ వాహకం. పగులులో చేరిన ఆ తడి ఉప్పు మీదుగా సన్నని విద్యుత్తు పాకి, పలక ఉపరితలాన్ని మెల్లగా బొగ్గుచేస్తుంది. బొగ్గు కూడా వాహకమే. ఇట్లా ఏర్పడిన నల్లని గీత నానాటికి పొడవు పెరుగుతుంది.

ఉప్పుగాలి చేసే రెండవ పని మరలమీద. ఇనుప మర తుప్పుపట్టినప్పుడు ఆ తుప్పు అసలు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అది లోపలినుండి ఒత్తడం వల్ల షీటు సరిగ్గా మరలున్న మూలలలో చీలుతుంది. ఎవరూ తాకకుండానే బోర్డు మూల ఊడిపోయిందని ఆశ్చర్యపడడం ఇందువల్లనే. మూడవది సాకెట్టు లోపలి ఇత్తడి బద్దలమీద. చిలకలపూడి గిల్టునగల సంగతి తెలిసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. పైనున్న బంగారు పూత అరిగితే లోపలి రాగిమీద ఆకుపచ్చని చిలుము పడుతుంది. సాకెట్టు బద్దలకు ఆ పూత కూడా ఉండదు. చిలుము పట్టిన బద్దకూ పిన్నుకూ మధ్య నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగినచోట వేడి పుడుతుంది. ఆ నిరోధం అర ఓము అనుకున్నా, 10 ఆంపియర్లు తీసుకొనే నీళ్ల హీటరు పెట్టినప్పుడు ఆ చిన్న బిందువు దగ్గర 50 వాట్ల వేడి పుడుతుంది. ఇది మాటు వేసే కడ్డీ వేడిని మించినది.

గుడివాడ వైపు ఉప్పు ప్రభావం తగ్గినా నల్లరేగడి నేల ఉన్నది. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, వేసవిలో ఎండి బీటలు తీస్తుంది. పునాదులు కదిలి గోడలు నెరలు విచ్చినప్పుడు గోడలోని పెట్టె వదులై, పలకమీద బరువు పడుతుంది. అటువంటిచోట పెట్టెను సిమెంటుతో బిగించకుండా పలకను మాత్రమే మార్చితే అది మళ్లీ పగులుతుంది.

కనుక పగిలిన పలకను చూసినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న, అది దెబ్బకు పగిలిందా, వేడికి పగిలిందా అన్నది. రంధ్రాల చుట్టూ గోధుమరంగు మచ్చ గాని, నల్లని మసి గాని, కాలిన వాసన గాని ఉంటే తప్పు పలకది కాదు, వెనుకనున్న సాకెట్టుది లేదా వదులైన తీగది. అటువంటిచోట కొత్త పలక బిగించడమంటే నిప్పుమీద గుడ్డ కప్పడమే. అక్కడ సాకెట్టునే మార్చాలి, ఆ పని ఎలక్ట్రీషియన్ చేయాలి. మచ్చ లేకుండా కేవలం విరిగి ఉంటే పలక మార్చడం ఇంటివారు చేయదగిన పనే. కళాశాల విద్యార్థులు దీనిని పెద్దలు దగ్గర ఉండగా మాత్రమే చేయాలి.

అన్ని బోర్డులూ ఒకే రకంగా విడిపోవు. అమెరికాలో సాకెట్టు మూత ఒక విడి రేకువంటిది. నడుమనున్న మర విప్పితే మూత చేతికి వస్తుంది, సాకెట్టు గోడలోనే ఉంటుంది. అక్కడి పుస్తకాలలోనూ, వీడియోలలోనూ ఈ పని రెండు నిమిషాలలో ముగిసేది అందువల్లనే. తెలుగునాట పాత పద్ధతి బోర్డులో అట్లా కాదు. చెక్క లేదా ప్లాస్టిక్ పెట్టెమీద హైలం షీటు పరచి, స్విచ్చులు, సాకెట్లు అన్నీ ఆ షీటుకే బిగిస్తారు. నాలుగు మూలల మరలు విప్పి షీటును లేపితే వెనుకనున్న తీగలన్నీ దానితోపాటు బయటికి వస్తాయి. షీటు మార్చడమంటే ప్రతి స్విచ్చినీ, ప్రతి సాకెట్టునూ విప్పి కొత్త షీటుకు బిగించడమే. ఆరితేరిన చేయి లేకుండా దీనికి పూనుకోరాదు. మాడ్యులర్ బోర్డులో మాత్రం స్విచ్చులు, సాకెట్లు ఒక చట్రానికి అతుక్కొని ఉంటాయి. చట్రం గోడపెట్టెకు మరలతో బిగిసి ఉంటుంది. పైనున్న ప్లేటు కేవలం నొక్కుడుతో పట్టుకొని ఉంటుంది. తీగలను ముట్టుకోకుండా మార్చగలిగినది ఇది ఒక్కటే.

కొత్త ప్లేటు కొనేటప్పుడు విరిగినదానిని, కనీసం దాని ఫోటోను, దుకాణానికి తీసుకొనిపోవడం మంచిది. మాడ్యులర్ ప్లేట్లను మాడ్యూళ్ల లెక్కన అమ్ముతారు. సాధారణంగా స్విచ్చికి ఒక మాడ్యూలు, సాకెట్టుకు రెండు. ఒక స్విచ్చి, ఒక సాకెట్టు ఉన్న బోర్డుకు మూడు మాడ్యూళ్ల ప్లేటు కావాలి. ఒక సంస్థ ప్లేటు మరొక సంస్థ చట్రానికి పట్టకపోవడం తరచుగా జరుగుతుంది. సాకెట్టు కూడా కొనవలసి వస్తే ఐ.ఎస్.ఐ. గుర్తుతోపాటు రంధ్రాల వెనుక తెరలు ఉన్నదానిని ఎంచుకోవాలి. ఎర్త్ పిన్ను లోపలికి పోతేగాని ఆ తెరలు తొలగవు కనుక పసిపిల్లలు మేకు గుచ్చినా ఫేజ్ తగలదు. సెల్‌ఫోను ఛార్జరు రెండు పిన్నులు దూర్చడానికి ఎర్త్ రంధ్రంలో పెన్ను రీఫిల్లు గుచ్చే అలవాటు విద్యార్థులలో ఉన్నది. తెర ఏర్పాటు అంతటినీ ఆ రీఫిల్లు వ్యర్థం చేస్తుంది. ప్లగ్గు లేకుండా వట్టి తీగలను రంధ్రాలలో పెట్టి అగ్గిపుల్లలతో బిగించే పద్ధతిని గురించి చెప్పకపోవడమే మేలు.

పని పగటివేళ, నేల పొడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి. మొదట ఆ సాకెట్టు స్విచ్చి వేసి, కుడి రంధ్రంలో టెస్టరు పెట్టి, దాని బల్బు వెలుగుతున్నదో లేదో చూడాలి. టెస్టరును పిడి దగ్గరే పట్టుకోవాలి, వేలు పైనున్న లోహపు బిళ్లకు మాత్రమే తగలాలి. వెలిగితే టెస్టరు పనిచేస్తున్నదని తెలిసినట్లే. ఆ తరువాత మెయిన్ ఆపాలి. సాకెట్టు పక్కనున్న స్విచ్చిని మాత్రమే ఆపి ఊరుకోరాదు. వైరింగు చేసినవారు స్విచ్చిని ఫేజ్‌కు బదులు న్యూట్రల్ తీగలో కలిపి ఉంటే, స్విచ్చి ఆపినా కుడి రంధ్రంలో 230 వోల్టులు అట్లాగే ఉంటాయి. తీగల రంగును కూడా పూర్తిగా నమ్మరాదు. ఫేజ్‌కు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ అన్నది నియమమే అయినా, చేతికందిన తీగతో పని కానిచ్చిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

మెయిన్ ఆపడంతో పని పూర్తికాలేదు. ఇన్వర్టరు ఉన్న ఇంట అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. మెయిన్ ఆపగానే ఇన్వర్టరు దానిని కరెంటు కోతగా భావించి, తన బ్యాటరీ నుండి రెప్పపాటులో సరఫరా మొదలుపెడుతుంది. అది కూడా దాదాపు 230 వోల్టులే. బ్యాటరీ 12 వోల్టులే కదా అనుకోరాదు. అందుచేత ఇన్వర్టరును ముందే ఆపాలి, ఆ తరువాత మెయిన్ ఆపాలి. అదేవిధంగా 'ఇప్పుడు కరెంటు లేదు కదా' అని కోత వేళలో మెయిన్ ఆపకుండా బోర్డు విప్పేవారున్నారు. పోయిన కరెంటు చెప్పి రాదు. మెయిన్ ఆపిన సంగతి ఇంటిలోని అందరికీ చెప్పాలి. మెయిన్ దగ్గర ఒక మనిషిని నిలిపితే ఇంకా మంచిది. ఆ తరువాత అదే సాకెట్టులో మళ్లీ టెస్టరు పెట్టి, ఈసారి వెలగలేదని నిశ్చయించుకోవాలి.

ప్లేటు కింది అంచున సన్నని గాటు ఉంటుంది. అందులో చదును మొన గల స్క్రూడ్రైవరు ఉంచి మెల్లగా ఎత్తితే ప్లేటు ఒక పక్క లేస్తుంది. బలం వాడితే చట్రపు కొక్కేలు విరుగుతాయి. ప్లేటు వచ్చిన తరువాత పొడి గుడ్డతో దుమ్ము, ఉప్పుపొర తుడవాలి. చట్రపు మరలు తుప్పుపట్టి ఉంటే ఒక్కొక్కటిగా తీసి, అదే కొలత గల ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు మరలను బిగించాలి. అన్నీ ఒకేసారి విప్పితే చట్రం తీగలతో సహా వేలాడుతుంది. కొత్త ప్లేటును నాలుగు వైపులా సమానంగా నొక్కితే టక్కుమని పట్టుకుంటుంది. తరువాత మెయిన్ వేసి, ఇన్వర్టరు వేసి, టెస్టరుతో చూడాలి. స్విచ్చి వేసినప్పుడు కుడి రంధ్రంలో మాత్రమే బల్బు వెలగాలి. ఎడమ రంధ్రంలోనో, ఎర్త్ రంధ్రంలోనో వెలిగినా, స్విచ్చి ఆపిన తరువాత కూడా కుడి రంధ్రంలో వెలిగినా, ఆ సాకెట్టును వాడడం మానివేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఎవరికైనా షాక్ తగిలితే వారిని చేతితో పట్టుకొని లాగరాదు. మొదట మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి కర్రతో తీగను తప్పించి, 108కు ఫోన్ చేయాలి.

దివిసీమ సంగతి వేరు. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ రెండు పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న నేల అది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన అక్కడ వేలమంది ప్రాణాలను బలిగొన్నది. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు విడుదలైనప్పుడు నదీతీరంలోని లంక గ్రామాలు ముంపుకు గురయ్యాయి. నీట మునిగిన బోర్డు విషయంలో పలక మార్చడమన్న ప్రశ్నే లేదు. నీరు తీసిన తరువాత బోర్డును తుడిచి, ఎండలో ఆరబెట్టి మళ్లీ వాడడం చాలాచోట్ల కనిపిస్తుంది. పైకి ఆరినా సాకెట్టు, స్విచ్చి, ఎం.సి.బి. లోపల ఒండ్రు నిలిచిపోతుంది. ఉప్పునీరైతే ఉప్పు కూడా మిగిలి, తేమ తగిలినప్పుడల్లా మళ్లీ తడుస్తుంది. మునిగినవాటిని పూర్తిగా తీసివేసి కొత్తవి వేయాలి. గోడలోని తీగలను ఎలక్ట్రీషియన్ మెగ్గర్ అనే పరికరంతో పరీక్షించి, వాటి తొడుగు చెడలేదని తేల్చిన తరువాతనే మెయిన్ వేయాలి. వరద హెచ్చరిక రాగానే, నేల ఇంకా పొడిగా ఉండగానే మెయిన్ ఆపివేయాలి. ఇంటిలో నీరు నిలిచిన తరువాత మెయిన్ దగ్గరికి పోరాదు, 1912కు ఫోన్ చేసి విద్యుత్ సిబ్బంది చేత బయటనే సరఫరా ఆపించాలి. కొత్త బోర్డులను బిగించేటప్పుడు పాతచోటనే కాక, గోడమీద మిగిలిన నీటిగుర్తును కొలిచి, దానికి మూరెడు పైన పెట్టించాలి.